అరగంట సినిమాకి మన హాల్లో చోటు లేదా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో మహిళా విభాగం తరఫున ఈసారి ‘ఇది కథ మాత్రమేనా?’ వేశాం. 1983లో హైదరాబాద్ మహిళా సంస్థ స్త్రీ శక్తి సంఘటనతో కలిసి డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్, ఆమె యుగాంతర్ బృందం తీసిన తెలుగు చిత్రం. అత్తింట్లో హింస పడే ఒక ఇల్లాలి కథ. నిడివి అరగంట లోపే. దానికి ఇచ్చింది భోజనాల టైము, కెఫెటీరియా పక్కన క్లాస్‌రూము. సగం నడిచిందో లేదో, కార్యవర్గం నుంచి ఒకాయన వచ్చి లైట్లు వేసేశారు. “పిల్లల మేకప్‌కి రూము కావాలండీ. అయినా పండగపూట ఈ ఏడుపులెందుకు?” అన్నారు.

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ ముందు వరసలో కూర్చున్నారు. ఒళ్లో ప్లేటు, అందులో పులిహోర ముట్టుకోలేదు. అందరూ లేచినా ఆవిడ లేవలేదు. “తర్వాత ఏమైందమ్మా ఆ పిల్లకి?” అని నన్నడిగారు. మిగతా కథ వరండాలో నిలబడి చెప్పాను. విని, చాలాసేపు కొంగు అంచు మడతపెడుతూ ఉండిపోయారు. “మా చెల్లెలికి చెప్పుకోడానికి ఒక్క మనిషి లేకపోయింది” అన్నారు చివరికి. ఆ చెల్లెలి సంగతి ఆవిడ సొంత కూతురికి కూడా తెలియదట.

దీపగారు 1980లో స్నేహితులతో కలిసి యుగాంతర్ పెట్టింది ఇలాంటి మాటలు బయటికి రావాలనే. పుణె పనిమనుషుల మీద, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల మీద సినిమాలు తీసి, వాటిని బస్తీల్లో, యూనియన్ మీటింగుల్లో వేసి, తర్వాత అందరితో కూర్చుని మాట్లాడేవారు. మహిళా కార్యకర్తలకు వీడియో తీయడం నేర్పారు. 1986లో హైదరాబాద్ మతకల్లోలాల మీద, 1991లో కుటుంబ నియంత్రణ పేరుతో ఆడవాళ్ల మీద సాగిన దౌర్జన్యం మీద, ఆ తర్వాత పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్‌గారి మీద, 2018లో రోహిత్ వేముల మరణానంతర ఉద్యమం మీద తీశారు. నాలుగు దశాబ్దాల పని. యుగాంతర్ సినిమాలను భద్రపరిచి డిజిటల్ చేసింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. అక్కడివాళ్లకున్న పట్టింపు తెలుగువాళ్లం మనకి వద్దా?

కార్యవర్గం కష్టం నాకు తెలుసు. హాలు అద్దె కట్టాలి, స్పాన్సర్లని ఒప్పించాలి, హీరో వస్తేనే టికెట్లు పోతాయి. వారమంతా ఆఫీసు టెన్షన్‌తో నలిగినవాళ్లు నవ్వుకోడానికి వస్తారు, అదీ న్యాయమే. ఇంటిగుట్టు వీధిలో పెట్టకూడదన్న మా అమ్మ మాటలో పరువు కాపాడుకునే తాపత్రయం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ భర్త ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, కారు లేక, తన పేరున బ్యాంకు ఖాతా లేక, అర్ధరాత్రి ఫోన్ చేసి పేరు చెప్పకుండా ఏడ్చే అమ్మాయిలు మన ఊళ్లోనే ఉన్నారు. మహిళా విభాగంలో పనిచేసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్లు గడప దాటి వచ్చేది మన పండగలకే. అక్కడా మాట్లాడనివ్వకపోతే ఇంకెక్కడ మాట్లాడతారు?

దయచేసి దీపావళికి ఈ సినిమాని పెద్ద హాల్లో, భోజనాలకి ముందు, పూర్తిగా వేయనివ్వండి. తర్వాత మాట్లాడుకోడానికి అరగంట ఇవ్వండి. గాయకులకి ఇచ్చినట్టే టికెట్టు, పారితోషికం ఇచ్చి హైదరాబాద్ నుంచి ఒక డాక్యుమెంటరీ దర్శకురాల్ని పిలవండి. ఒక వీకెండ్ మన హైస్కూలు పిల్లలకి పాఠం చెప్పమని అడుగుదాం. చేతిలో ఉన్న ఫోనుతోనే వాళ్ల అమ్మమ్మల మాటలు రికార్డు చేయడం నేర్చుకుంటారు. ఆ దర్శకురాలికి బస మా ఇంట్లోనే ఏర్పాటు చేస్తాను. కార్యక్రమాలు ఖరారు కాకముందే ఈ ప్రతిపాదనని మీటింగులో పెట్టమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను.