పెట్రోలు గొట్టపు ప్లాస్టిక్ లాకు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెట్రోలు గొట్టపు ప్లాస్టిక్ లాకు గారి సముఖానికి, కడప నుండి తమ బాధితుడు వ్రాసుకున్న విన్నపం.

ఇక్కడ మేము క్షేమం. తమరు గత ఆదివారం ఉదయం నా బొటనవేలి కింద రెండు ముక్కలైనారు కనుక తమ క్షేమం విచారించవలసిన అవసరం లేకపోయింది.

నిజానికి మొదటి తప్పు తమది కాదు. తమరు గొట్టానికి పట్టి ఉంచగా తమ పక్కనే కూర్చుని, ఏళ్ల తరబడి పెట్రోలులోని మురికి మింగి, ఒక్క మాటైనా పైకి చెప్పని ఫ్యూయల్ ఫిల్టరుది. సమంగా ఉన్న రోడ్డు మీద బుద్ధిమంతుడిలా నడిచే కారు గువ్వలచెరువు ఘాటు మొదలవగానే, ఇంజను పెట్రోలు ఎక్కువ అడిగే చోట, ఊపిరాడని ముసలివాడిలా ఆయాసపడింది. యాక్సిలరేటరు నేలకు తొక్కినా పాలకోవా అంగళ్లు దగ్గర పడలేదు. ఫిల్టరు మార్చడం ఇంట్లోనే పది నిమిషాల పని అని వీడియోలో నవ్వుతూ చెప్పిన పెద్దమనిషికి వేరే లేఖ వ్రాస్తాను.

నేను ఆ పనిని వ్రతం పట్టినట్టు పట్టాను. ఇంజను చల్లగా ఉండాలని తెల్లవారుజామునే లేచాను. పెట్రోలును ఇంజనులోకి చిమ్మే ఇంజెక్షన్ బండి గొట్టంలో పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడితో ఉంటుంది. టైరులో కొట్టించే గాలి 33 పాయింట్లయితే ఇది 40 దాటుతుంది. అందుచేత పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి, మరి రెండుసార్లు సెల్ఫు కొట్టి, ఒత్తిడి దిగిపోయిందని నమ్మకం కుదిరాకే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ట్యాంకు మూత తెరిచాను. ముందు చక్రాలకు రాళ్లు పెట్టాను. జాకీని మాత్రమే నమ్ముకున్నవాడు బండి కింద దూరకూడదు కనుక స్టాండ్లు అద్దెకు తెచ్చాను. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పెట్రోలు పట్టడానికి ఇనుప పళ్లెం, పక్కన పొడి చల్లి మంటలార్పే సిలిండరు, అన్నీ సిద్ధం చేసుకున్నాను.

ప్రహరీ అవతల పెద్దమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకుంటున్నది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలనంటి పాకుతుంది, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అది అంటుకోగలదు, మన ఊళ్లోనేమో ఎండ సున్నాకు 40 డిగ్రీల పైన ఉంటుంది అని ఆమెకు వివరంగా విన్నవించాను. "నీ కారుకు తానం చేపిచ్చేదానికి నేను తానం మానుకోవల్లనా నాయనా?" అని అడిగి, చెంబెడు నీళ్లు పోసి పొయ్యి ఆర్పేసింది. నా జాగ్రత్త కోసం ఒక ముసలి ప్రాణం ఆ ఉదయం చన్నీళ్లు పోసుకున్నది. ఈ సంగతి తమరు దయచేసి గుర్తుంచుకోవాలి.

ఇన్ని చేసి, కడప బండల మీద వెల్లకిలా పడుకుని, తమ దర్శనం చేసుకున్నాను. వేలి గోరుకు మించని శరీరం, రెండు చెవులు, వాటి సందుల్లో గట్టిపడిన ఎర్రమట్టి. ఆ మట్టిని పాత బ్రష్షుతో తుడిచాను. గొట్టాన్ని ముందు కొంచెం లోపలికి నెట్టి, ఆ తరువాతే తమ రెండు చెవులూ కలిపి, పసిబిడ్డ బుగ్గ నొక్కినట్టు నొక్కాను. 'చిట్' మన్నారు. ఒక చెవి నా చేతి తొడుగు మీద పడింది. రెండవది ఇంతవరకు దొరకలేదు.

పన్నెండేళ్లు ఈ ఎండకు మాడిన ప్లాస్టిక్ పెళుసెక్కుతుందని నాకు తెలియనిది కాదు. కానీ తమరు విరిగింది గొట్టం చివర. కొత్త ఫిల్టరు పెట్టినా, పాతదే తిరిగి పెట్టినా, పట్టుకునే దిక్కు లేదు. గొట్టం కొస మూసి, పాత ఫిల్టరులో మిగిలిన పెట్రోలును మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి వంచి, కారును స్టాండ్ల మీద వదిలి, ఆటో ఎక్కి అంగళ్లకు పోయాను.

ఏడు రోడ్ల కూడలిలో ఏ రోడ్డు పట్టుకున్నా నువ్వు లేవు. అవును, ఇక్కడినుండి మర్యాద నా వల్ల కాదు. ఒక అంగడిలో నీ పేరు చెబితే నవ్వారు. మరొక అంగడిలో నువ్వు విడిగా అమ్ముడుపోవన్నారు, ట్యాంకు నుండి మొదలయ్యే గొట్టం మొత్తం కొనాలన్నారు. దాని ధర ఫిల్టరుకు రెట్టింపు. చొక్కా గుండీ తెగితే చొక్కా కొనుక్కోమనే న్యాయం ఏ లోకంలో ఉంది? ఇంజనుకు వారంటీ, పెయింటుకు వారంటీ, పాట పెట్టే పెట్టెకు కూడా వారంటీ ఉంది. మంటకూ మనిషికీ నడుమ కూర్చున్న నీకు ఒక పార్టు నంబరైనా లేదు! నిన్ను గీసిన ఇంజనీరు ఒక్క మే నెల కడపలో గడిపి ఉంటే నిన్ను ఇనుముతో గీసేవాడు.

సందు చివరి మెకానిక్కు వచ్చి, "బైండింగ్ వైరుతో బిగిచ్చేస్తా, ఏం గాదులేన్నా" అన్నాడు. నిజం చెబుతున్నాను, అప్పటికి మధ్యాహ్నం మూడయింది, ఆకలిగా ఉంది, ఒక్క క్షణం మనసు లొంగింది. 3 బార్ల పెట్రోలును తీగచుట్టుతో కట్టి, వేడి పొగగొట్టం పక్కన, పిల్లలను వెనక సీటులో కూర్చోబెట్టుకుని నడపడం కళ్ల ముందు కదిలాక, టీ ఇప్పించి పంపేశాను.

మంగళవారం సెలవు పెట్టి, బస్సెక్కి, బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు వెళ్లాను. అక్కడ ఒక పాత సామాన్ల అంగడి తాత డబ్బా బోర్లించి, గుప్పెడు లాకుల్లో నుండి తమ రక్తసంబంధీకులను ముగ్గురిని ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ ఊళ్లో అంత జాగ్రత్తగా పొట్లం కట్టించుకుని బయటపడిన వాళ్లందరూ నగలు కొన్నవాళ్లేనని నా అనుమానం.

బుధవారం ఉదయం పెద్దమ్మ మళ్లీ పొయ్యి ఆర్పింది. ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉందని మూడుసార్లు చూసుకుని గొట్టం నెట్టాను. 'టక్' మన్నారు. గొట్టాన్ని వెనక్కి లాగి చూశాను, కదలలేదు. ఫ్యూజు పెట్టి, బ్యాటరీ తీగ తగిలించి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం మూడుసార్లు తిప్పితే, తిప్పినప్పుడల్లా వెనక పంపు రెండు క్షణాలు మూలిగింది. కిందికి దూరి తమ చుట్టూ కాగితం ముక్కతో తుడిచాను. పొడిగా ఉంది, వాసన లేదు. కోపం ఇంకా ఉంది గానీ, ఆ 'టక్' శబ్దం మాత్రం బాగుందండీ.

మిగిలిన ఇద్దరూ డాష్‌బోర్డు అరలో, అదే పొట్లంలో ఉన్నారు. ప్రహరీ మీదుగా తల పెట్టి, "ఇంగ ముట్టిచ్చుకోవచ్చునా నాయనా?" అని పెద్దమ్మ అడుగుతున్నది. ట్యాంకు మూత బిగించి వచ్చి చెబుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కడప.