వేళ్లలో తిష్ఠ వేసిన పాత కీబోర్డుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాత ఫాంట్ల కీబోర్డు గారి దివ్యసముఖమునకు, కంప్యూటరులో పేజీలు కూర్చే డీటీపీ పనివాళ్లు వ్రాయునది. ఉభయకుశలోపరి.

ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటును వెంటబెట్టుకొచ్చింది. అదే ఏడు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది, ఆ తర్వాత దానికి ఇంకో పెద్ద వెర్షనే లేదు. తమరు మాత్రం "ఈ పెళ్లిళ్ల సీజన్ వెళ్లనీ, చూద్దాం" అంటూ మా వేళ్లలోనే ఉండిపోయారు.

మీ ఘనత తక్కువేం కాదు. ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలో తెలుగు బొమ్మల్ని అద్దెకు దించారు. ఫాంటు మారితే చాలు, అద్దెకున్నవాళ్లు మాయమై ఇంటివాళ్లు బయటికొస్తారు. వెయ్యి పేజీల పుస్తకంలో ‘గోదావరి’ని వెతకమంటే కంప్యూటరు తెల్లమొహం వేస్తుంది. దాని కంటికి అక్కడున్నది తెలుగే కాదు మరి! ఇంత గోప్యత బ్యాంకుల్లో కూడా ఉండదు.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరుందిగా అంటారు. ఉంది. కానీ మీరు ‘క్రి’ని కంటికి కనిపించే ముక్కలుగా దాచారు. యూనికోడ్ పలికే వరుసలో క, పొల్లు, ర, గుడి అని దాస్తుంది. ఆ వరుస సర్దబోయి కన్వర్టరు ఎక్కడో ఒక వత్తును పక్కక్షరానికి తగిలిస్తుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే వాటినీ తెలుగే అనుకుని నమిలేస్తుంది. అందుకని ఇంగ్లీషు ముక్కల్ని ముందే వేరు చేయాలి, అసలు ఫైలు పక్కన భద్రంగా ఉంచాలి, మార్చాక వత్తుల కోసమే ఒకసారి ప్రూఫు చదవాలి. తీరా పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో పోస్తే వత్తులు విడివిడిగా పడతాయి, పాపం ఫాంటుకు తిట్లు. అక్షరాల్ని సరిగ్గా అతికించే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగును అందులో ఎంచుకోకపోవడమే ఆ జబ్బు.

మిమ్మల్ని ఒక్కరోజులో ఖాళీ చేయిస్తానని ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు ప్రతిజ్ఞ చేస్తారు. మధ్యాహ్నానికి అర్జంటు కరపత్రం వస్తుంది, సాయంత్రానికి తమరు మళ్లీ సింహాసనం మీద. ఈసారి అలా కాదు. రోజూ షట్టరు ఎత్తగానే 20 నిమిషాలు యూనికోడ్‌లో తెలుగు కొట్టే కీబోర్డు పద్ధతి ఇన్‌స్క్రిప్టుకు. డబ్బొచ్చే పని అంతా ఇప్పటికి మీతోనే, కంగారు పడకండి.

ఇన్‌స్క్రిప్టులో గుణింతపు గుర్తులు చాలావరకు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. మొదటివారం నడిమి వరుసే: ఎడమన ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము, కుడిన ప, ర, క, త, చ, ట. ఈ పదకొండు మీటలతోనే కోతి, పేరు, కత్తి, చుట్టు వచ్చేస్తాయి. మీకు ప్రాణప్రదమైన ‘రేపు’ కూడా. వందక్షరాలకు తప్పులు రెండుకు దిగాకే పై వరుస, ఆ తర్వాత కింది వరుస. ఖ, ధ కోసం వేరే చోటు వెతకనక్కర్లేదు, క మీద, ద మీద షిఫ్టు నొక్కితే చాలు. వత్తుకో మీట అనేది మీ దగ్గర అబ్బిన జబ్బు. ఇక్కడ మ, పొల్లు, మ కొడితే ‘మ్మ’ దానంతటదే కుదురుకుంటుంది.

మీటల మీద స్టిక్కర్లు అంటించం. అంటిస్తే కళ్లు నేర్చుకుంటాయి, వేళ్లు నేర్చుకోవు. కొన్నాళ్లకు పాత, కొత్త కీబోర్డులు రెండూ కలగాపులగమై పాత స్పీడూ పడిపోతుంది, చాలామంది తిరిగొచ్చి మీ కాళ్ల మీద పడేది సరిగ్గా అప్పుడే. అందుకే పనుల్నీ కొద్దికొద్దిగా మారుస్తాం: ముందు ఉత్తరాలు, తర్వాత కరపత్రాలు, పుస్తకాలు ఆఖర్న. పెళ్లిపత్రికలు ఇంకొంతకాలం మీవే. ఆ వంకీల సోకు మీ ఫాంట్లలోనే ఎక్కువ, ఒప్పుకుంటాం.

ఇట్లు,
కింది వరుసలో తంటాలు పడుతున్నవాళ్లు

తా.క.: ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు ట తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి. మరిస్తే వకారం ట కిందికి దూరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మీ దగ్గర ఈ బెడద లేదు, నిజమే. అంతమాత్రానికే పొంగిపోకండి.