గెయిన్ పది, మిడ్స్ సున్నా అంట: ఆ ఫార్వర్డ్ సంగతి చూద్దాం

బెంగళూరులో మన తెలుగు గిటార్ బ్యాచ్‌లు ఎన్ని ఉన్నాయో అన్నిటిలోనూ ఈ మధ్య ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది, మారతహళ్లి వాళ్లు బీటీఎం వాళ్లకి, వాళ్లు వైట్‌ఫీల్డ్ వాళ్లకి, చివరికి గిటార్ ముట్టని మా ఆఫీసు వాడు కూడా "నీకు పనికొస్తుంది చూడు బ్రో" అని పంపాడు. ట్యూబ్ యాంప్‌లో (గాజు వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్) అసలైన రాక్ టోన్‌కి ఏడు సూత్రాలంట. చూడని వాళ్ల కోసం క్లుప్తంగా: గెయిన్ (సిగ్నల్‌ని లోపల ఎంత పెంచాలో చెప్పే నాబ్) 10లో పెట్టు, మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య ఉండే సౌండ్) సున్నా చెయ్, ట్యూబ్ యాంప్ ముందు పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) పెట్టడం పాపం, 100 వాట్లు కొను ఎందుకంటే అది 50కి రెట్టింపు మోత, ట్యూబులు ఈవెన్ హార్మోనిక్స్ (నోట్ ఫ్రీక్వెన్సీకి రెండు, నాలుగు లాంటి సరి రెట్లు) మాత్రమే ఇస్తాయి కాబట్టే తీపి, గిటారిస్ట్ వాన్ హేలెన్ లాగా డిమ్మర్‌స్టాట్ (కరెంటు వోల్టేజ్‌ని పెంచి తగ్గించే పెట్టె) పెట్టి వోల్టేజ్ పెంచు, రాత్రిపూట ప్రాక్టీస్‌కి స్పీకర్ వైర్ పీకేసి వాయించు.

ఏడూ పూర్తిగా తప్పే అనను, ఐదోదాంట్లో సగం నిజం ఉంది. చివరి రెండూ మాత్రం తప్పు కాదు, ప్రమాదం.

ముందు గెయిన్. అది పెంచితే వచ్చే శాచురేషన్ అంటే జరిగేది ఇంతే, 12ఏఎక్స్7 అనే చిన్న ప్రీయాంప్ ట్యూబులో సిగ్నల్ పెరిగి పెరిగి ఇక ఊగడానికి చోటు చాలక పైనో కిందో అంచులు తెగిపోతాయి, ఆ తెగడమే మనకి గరగరగా, సాగుడుగా వినిపిస్తుంది. తెగేకొద్దీ మెల్లగా కొట్టిందీ గట్టిగా కొట్టిందీ ఒకే సైజుకి వచ్చేస్తాయి. కొంతవరకు అదే మజా, నోట్ నిలబడుతుంది, లీడ్ పాడుతుంది. ఆ హద్దు దాటాక నాబ్ ఎంత తిప్పినా పెరిగేది పికప్ (తీగల కింద వాటి ఊపుని పట్టే అయస్కాంతం) హమ్, గదిలో ట్యూబ్‌లైట్ గుయ్యిమనడం, వేళ్లు తీగ మీద జారిన చప్పుడు. తగ్గేది పిక్ దెబ్బ. పిక్ దెబ్బ పోయిన రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) ఎంత మోత పెట్టినా బరువు రాదు, దూరంగా మిక్సీ తిరుగుతున్నట్టే ఉంటుంది.

దీన్ని డిజైన్ చేసినవాళ్లకే బాగా తెలుసు. జేసీఎం800 పేరుతో 1981లో వచ్చిన మార్షల్ 2203 యాంప్ సర్క్యూట్ తీసి చూడండి, మొదటి స్టేజ్‌లో క్యాథోడ్ కెపాసిటర్ (ఎంత బేస్ పెరగాలో తేల్చే ముక్క) 0.68 మైక్రోఫ్యారడ్ మాత్రమే, ఫెండర్ యాంప్‌లలో అదే చోట మామూలుగా 25 ఉంటుంది. అంటే ఏంటి, కింది బేస్‌ని మొదట్లోనే కొంత కోసేసి మిగిలిందాన్ని తర్వాతి స్టేజుల్లో తెగ్గొడుతున్నారు. ఎందుకంటే బేస్ నోట్లకి సిగ్నల్ పెద్దగా ఉంటుంది, అవే ముందు తెగి మిగతా అన్నిటినీ తమతో పాటు లాక్కుపోతాయి, మనం "బురద" అంటామే అది. ఇంకో సంగతి, మార్షల్‌లో బేస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు గెయిన్ స్టేజుల తర్వాత వస్తాయి. కాబట్టి గెయిన్ 10లో పెట్టి బురద చేసుకుని, ఆ తర్వాత బేస్ నాబ్ తగ్గించడం పిండి రుబ్బేశాక రాళ్లు ఏరినట్టే.

నేను జామ్ రూమ్‌లో చేసేది చెప్తా. గిటార్ వాల్యూమ్ ఫుల్లు, బ్రిడ్జ్ పికప్, యాంప్ గెయిన్ 3 నుంచి మొదలుపెట్టి ఒక పవర్ కార్డ్ (రెండే నోట్ల కార్డ్) కొట్టి వదిలేస్తా, అది చచ్చిపోకుండా నిలబడే దాకా కొంచెం కొంచెం పెంచుతా, నిలబడిందా, అక్కడ్నించి ఒక పిసరు వెనక్కి తిప్పుతా. తర్వాత గిటార్ వాల్యూమ్ 6కి దించి ఓపెన్ కార్డ్ కొడితే ఒక్కో తీగ విడిగా వినపడాలి, వినపడకపోతే గెయిన్ ఇంకా ఎక్కువే ఉన్నట్టు. ఇదంతా అయ్యాక మాస్టర్ వాల్యూమ్ గది ఎంత ఓర్చుకుంటే అంత. చాలా మందికి ఇలా పెట్టినప్పుడు ఒంటరిగా వింటే "ఏంది బ్రో ఇంత సన్నగా ఉంది" అనిపిస్తుంది, డ్రమ్స్ మొదలైన క్షణంలో ఆ మాట మర్చిపోతారు. ఏసీ/డీసీ బ్యాండ్ ఆంగస్ యంగ్ వాయించింది ఏదైనా హెడ్‌ఫోన్స్‌లో శ్రద్ధగా వినండి, మనం ఊహించుకునేదానిలో సగం గెయిన్ కూడా ఉండదు, ఆ బరువంతా చేతిదీ, మోతదీ. పైగా రికార్డుల్లో అదే రిఫ్‌ని రెండుసార్లు వాయించి ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టడం మామూలే, ఆ గోడలాంటి సౌండ్‌ని ఒక్క నాబ్‌తో తెచ్చుకోవాలనుకోవడంలోనే గొడవంతా ఉంది.

మిడ్స్ సున్నా. ఇది పీజీ రూముల్లో పుట్టిన సలహా అని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తా, తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగ్గా ఆనదు, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అందుకే రాత్రి మెల్లగా వాయించేటప్పుడు మిడ్స్ తీసేసి బేస్, ట్రెబుల్ పెంచితే అబ్బ అనిపిస్తుంది, అదే సెట్టింగ్ పట్టుకుని శనివారం జామ్‌కి వెళ్తే గిటార్ కనపడుతుంది కానీ వినపడదు. గిటార్ కింది E తీగ 82 హెర్ట్జ్, ఆ చుట్టుపక్కల బేస్ గిటార్, కిక్ డ్రమ్ కూర్చుని ఉన్నాయి. పైన సింబల్స్ ఉన్నాయి, పైగా గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక వేగంగా చేతులెత్తేస్తుంది. మిగిలిన చోటు మిడ్సే, దాన్నే సున్నా చేస్తే ఇంక నువ్వు ఎక్కడ నిలబడతావు? 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు స్టేజ్ మీద మూడు గిటార్లు, వాటికి తోడు స్టీవ్ హారిస్ బేస్. మూడింటికీ మిడ్స్ సున్నా చేసి ఉంటే ఏ గిటార్ ఎవరిదో దేవుడికి కూడా తెలిసేది కాదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది, ఫెండర్, మార్షల్ తరహా టోన్ సర్క్యూట్‌లో ఆ నాబ్‌లు దేన్నీ పెంచవు, తగ్గించడమే వాటి పని. అన్నీ 5లో పెట్టినా మధ్యలో ఒక గుంట ముందే ఉంటుంది. అంటే మిడిల్ 5 అంటే "మామూలు" కాదు, అప్పటికే కొంత తీసేసినట్టు. అందుకే 7, 8 పెట్టడానికి భయపడక్కర్లేదు.

మిడ్స్ ఎక్కువై చెవి కోస్తోంది అనేవాళ్లు ముందు ఎక్కడ నిలబడి వింటున్నారో చూసుకోవాలి. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చ్ లైటులా నేరుగా ముందుకే కొడుతుంది. ఆ స్పీకర్ ఉన్న పెట్టె, అంటే క్యాబినెట్ నేల మీద, మన చెవి ఐదడుగుల పైన, మోకాళ్లకి మాత్రం బ్రహ్మాండమైన టోన్. మనకి మొద్దుగా వినపడి ట్రెబుల్ పెంచుతాం, అక్కడ ఎదురుగా సోఫాలో కూర్చున్నవాడి చెవులు చిల్లులు పడతాయి. ఒకసారి క్యాబినెట్ ముందు గొంతుక్కూర్చుని నాబ్‌లు తిప్పండి, లేదా దాన్ని వెనక్కి వాల్చండి, సగం కంప్లయింట్లు అక్కడే తీరిపోతాయి. మైక్ పెట్టేవాళ్లకీ ఇదే సూత్రం, కోన్ నడిమధ్యకి పెడితే పదును, అంచు వైపు రెండు వేళ్లు జరిపితే మెత్తన, ఆ రెండు వేళ్ల జరుపు ఏ ఖరీదైన ట్యూబ్ మార్చినా రానంత తేడా తెస్తుంది.

పెడల్ పాపం అన్నదానికి పెద్దగా వాదించక్కర్లేదు, క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే ఏసీ30 యాంప్‌ల ముందు ట్రెబుల్ బూస్టర్ పెడల్ పెట్టాడు, బ్లాక్ సబ్బత్ టోనీ ఐయోమీ లేనీ యాంప్‌ల ముందు పెట్టాడు, హెవీ మెటల్ పుట్టిందే ఆ పాపంలో. ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్‌ని డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ ఫుల్లులో పెట్టి గెయిన్ ఉన్న యాంప్ ముందు వాడతారు కదా, అది డిస్టార్షన్ కోసం కాదు. ఆ సర్క్యూట్ 720 హెర్ట్జ్ కింద బేస్‌ని నెమ్మదిగా దించి మిడ్స్‌ని ముందుకు తోస్తుంది, అంటే ఇందాక చెప్పుకున్న బేస్ కోత పనే, యాంప్ బయట చేస్తోంది. ఇంకో మాట, "స్వచ్ఛమైన ట్యూబ్ డిస్టార్షన్" అని గుండెలు బాదుకునేవాళ్లు ఎంతో ఇష్టపడే 1987 నాటి మార్షల్ సిల్వర్ జూబిలీ ప్రీయాంప్‌లో తెగ్గొట్టే పనికి ట్యూబులు కాని డయోడ్లు కూడా ఉన్నాయి. మరి దానికేమంటారో.

100 వాట్లు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే దాదాపు 10 కావాలి, అంటే పది రెట్ల పవర్. లెక్క ప్రకారం 100 వాట్ల యాంప్ రెట్టింపు మోత ఇచ్చేది 10 వాట్ల యాంప్‌కి, 50కి కాదు. 1965 ప్రాంతంలో ద హూ లాంటి బ్యాండ్‌ల కోసం జిమ్ మార్షల్ 100 వాట్లు చేశాడంటే అప్పట్లో హాల్లో పీఏ సిస్టమ్‌లు (జనానికి సౌండ్ అందించే పెద్ద స్పీకర్లు) అంతంత మాత్రం, గిటార్ మోత స్టేజ్ మీద నుంచే హాలు వెనక్కి చేరాలి. మనకి ఇందిరానగర్ జామ్ రూమ్‌లో ఆ కష్టం లేదు. అపార్ట్‌మెంట్‌లో 100 వాట్ల హెడ్‌ని (స్పీకర్ లేని విడి యాంప్) 1 దాటి తిప్పితే ఓనర్ ఆంటీ మెట్లెక్కి వస్తుంది, ఆ 1 దగ్గర స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు నిద్రలేవనే లేవవు. ఈఎల్84 అనే పవర్ ట్యూబులు రెండున్న 15, 18 వాట్ల యాంప్ డ్రమ్మర్ పక్కన కూడా చాలు, చెమట పట్టించి వాయించొచ్చు.

ఇక హార్మోనిక్స్, సగం నిజం అన్నాను కదా. ప్రీయాంప్ ట్యూబ్ ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తెగితే ఈవెన్ హార్మోనిక్స్ వస్తాయి, నిజమే. ఆ 2203లో రెండో స్టేజ్‌కి 10 కిలో ఓమ్స్ క్యాథోడ్ రెసిస్టర్ పెట్టింది కావాలని అలా ఒంటిపక్క తెగడానికే. కానీ రాక్‌లో మనం వినే పెద్ద యాంప్‌లన్నీ పవర్ స్టేజ్‌లో పుష్‌పుల్, అందులో ట్యూబులు జంటగా ఎదురెదురుగా పనిచేస్తాయి, ఆ స్టేజ్‌లో పుట్టిన ఈవెన్ హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేవి ఆడ్, అంటే మూడు, ఐదు లాంటి బేసి రెట్లు. అంటే ఫుల్లుగా తిప్పిన మార్షల్ పవర్ సెక్షన్ గర్జనలో ఎక్కువ భాగం ఆడ్ హార్మోనిక్సే.

అసలు వినాల్సింది హార్మోనిక్స్ కంటే నోట్లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే కొత్త నోట్లు. A పవర్ కార్డ్ పట్టండి: A 110 హెర్ట్జ్, పైన E దాదాపు 165. రెండూ కలిసి తెగినప్పుడు వాటి తేడా 55 పుడుతుంది, అది సరిగ్గా కింది ఆక్టేవ్ A. గిటార్‌లో లేని నోట్ యాంప్ ఇస్తోంది, పవర్ కార్డ్‌కి ఆ బలం అక్కడిది. ఇప్పుడు మధ్యలో సీ షార్ప్ పెట్టి మేజర్ కార్డ్ చెయ్యండి, అది 138.6. A నుంచి దాని తేడా 28.6, దాన్నుంచి Eకి 26.2, ఈ రెండూ కలవవు, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కింద గుర్రుమంటాయి. గెయిన్ ఎక్కువైతే ఫుల్ కార్డ్ ఎందుకు చెడుతుందో, పవర్ కార్డ్ ఎందుకు బతుకుతుందో మొత్తం ఆ చిన్న తేడాలో ఉంది. ఫార్వర్డ్ రాసినవాడు ఇది ఒక్కటి పెట్టి ఉంటే దండం పెట్టేవాణ్ణి.

డిమ్మర్‌స్టాట్. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో 0 నుంచి 270 వోల్ట్‌ల దాకా ఇచ్చేవి సులువుగా దొరుకుతాయి, అదే భయం. ఎడ్డీ వాన్ హేలెన్ మొదట్లో వోల్టేజ్ పెంచుతానని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు, నమ్మి పెంచినవాళ్ల యాంప్‌లు పొగలు కక్కాయి, నిజానికి అతను చేసింది తగ్గించడం, 120 వోల్ట్‌ల అమెరికా కరెంటుని 90 దగ్గరికి దించి వాడేవాడు. మన 230 వోల్ట్‌ల యాంప్‌కి 270 ఇస్తే లోపల అన్నీ ఆ నిష్పత్తిలో పెరుగుతాయి, 6.3 వోల్ట్‌ల హీటర్ దాదాపు 7.4కి వెళ్తుంది, ప్లేట్ వోల్టేజ్ ఫిల్టర్ కెపాసిటర్ల హద్దు దాటేయొచ్చు. ఏమైందో చూద్దామని వెనక మూత తీస్తారు, ప్లగ్ పీకేశాక కూడా ఆ కెపాసిటర్లలో 400 వోల్ట్‌లు, అంతకంటే ఎక్కువ డీసీ నిలిచి ఉండొచ్చు. యాంప్ పోతే పోయింది, అంతకంటే పెద్ద నష్టం అక్కడ ఉంది.

స్పీకర్ వైర్ పీకేయడం మరీ ఘోరం, సౌండ్ తగ్గించుకోబోయి అసలుకే ఎసరు. ట్రాన్సిస్టర్ యాంప్‌కి స్పీకర్ లేకపోయినా సాధారణంగా ఏమీ కాదు, ట్యూబ్ యాంప్ అలా కాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల లోడ్ లేకపోతే ఆ శక్తి వెళ్లే దారి లేక ఇవతలి వైండింగ్‌లో వోల్టేజ్ ఎగిసిపడుతుంది, ట్యూబ్ సాకెట్ పిన్నుల మధ్య నిప్పు దూకుతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ చిల్లు పడుతుంది. ట్యూబులు పోతే మార్చుకోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ పోతే యాంప్‌లో ఖరీదైన ముక్క పోయినట్టు. వెనక లైన్ అవుట్ ఉంది కదా అంటారు, చాలా యాంప్‌లలో లైన్ అవుట్ వాడినా స్పీకరో లోడో తగిలించే ఉండాలి, మాన్యువల్ చూడకుండా ధైర్యం చెయ్యొద్దు. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడటం కూడా ఈ లెక్కలోదే, లోపల తీగ సన్నం.

రాత్రి వాయించాలంటే లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు యాంప్ శక్తిని మింగే పెట్టె) పెట్టి, స్పీకర్ క్యాబినెట్‌ని అనుకరించే క్యాబ్ సిమ్యులేషన్‌తో హెడ్‌ఫోన్స్‌లో వినండి. వాట్లు, ఓమ్స్ రెండూ మీ యాంప్‌కి సరిపోయేవి చూసి కొనండి, 8 ఓమ్స్ జాక్‌కి 8 ఓమ్స్ లోడ్. అంత బడ్జెట్ లేదా, ట్యూబ్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే చిన్న మోడలింగ్ యాంప్ పక్కన పెట్టుకోండి, అందులో సిగ్గేం లేదు. ఇంతా చెప్పాక కూడా ఆ ఫార్వర్డ్‌ని ఎవరికైనా పంపాలనిపిస్తే పంపుకోండి, కనీసం ఆరు, ఏడు సూత్రాలు డిలీట్ చేసి పంపండి.