ఆ టిక్కులు పెట్టకండి: పాత కంప్యూటర్ల ఫార్వర్డ్‌కి జవాబు

"మీ పాత డెస్క్‌టాప్ స్లోగా ఉందా? షాపుకి తీసుకెళ్లకండి. ఈ ఏడు పనులు ఇంట్లోనే చేస్తే స్పీడు డబుల్!" అని మొదలయ్యే మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపుకీ వచ్చే ఉంటుంది. వీడియోలుగా కూడా తిరుగుతోంది. ఆ ఏడు పనులు ఇవి: ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ ఎలా మొదలవాలో చెప్పే సెట్టింగుల ప్రోగ్రాం) ప్రాసెసర్లు, మెమరీ మాగ్జిమమ్ పెట్టడం, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్ చేయడం, హైబర్నేట్ తీసేయడం, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) వేయడం, ర్యామ్‌ని రబ్బరుతో రుద్దడం, బోర్డు మీది బ్యాటరీ మార్చడం. ఏడోది, ఇంత చేసినా స్లోగానే ఉంటే మదర్‌బోర్డు పోయిందనుకుని కొత్తది కొనుక్కోవడం.

అన్నీ అబద్ధాలైతే గొడవే లేదు. కొన్ని సగం నిజాలు, ఒకటి రెండు నిజంగానే పనికొచ్చేవి. కానీ సిస్టమ్‌కి ఏమైందని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా వరసగా ఏడు మందులు రాసిచ్చారు. జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో కోర్ 2 డ్యుయో సిస్టమ్‌లు, మొదటి తరాల ఐ3లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్తే సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. ఈ మెసేజ్ పట్టుకుని వాటిని కెలికేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

"రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్, మాగ్జిమమ్ మెమరీ రెండూ టిక్ చేసి అన్నిటికంటే పెద్ద నంబరు పెట్టండి."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. ఆ రెండు గడులూ ఉన్నది స్పీడు పెంచడానికి కాదు, కావాలని తగ్గించడానికి. తక్కువ కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాలు), తక్కువ మెమరీ ఉన్న మెషీన్లో తమ ప్రోగ్రాం ఎలా నడుస్తుందో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పరీక్షించుకునే ఏర్పాటు అది. టిక్ లేకపోతే విండోస్ ఉన్న కోర్లన్నీ తనంతట తానే వాడుకుంటుంది. రెండు కోర్ల సిస్టమ్‌లో టిక్ పెట్టి 2 ఎంచుకుంటే ఈ రోజు ఏమీ మారదు. రేపు అదే బోర్డు మీద నాలుగు కోర్ల కోర్ 2 క్వాడ్ తెచ్చి వేసుకుంటే మాత్రం విండోస్ రెండు కోర్లతోనే నడుస్తుంది. ఎప్పుడో పెట్టిన టిక్కు ఎవరికి గుర్తుంటుంది? ప్రాసెసర్ అమ్మినవాడు మోసం చేశాడనుకుంటారు.

మెమరీ టిక్కు ఇంకా పాడు. 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 7 ఉన్న సిస్టమ్ తీసుకోండి. 4 జీబీ లోపలి అడ్రస్‌లలో కొంత భాగాన్ని బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) గ్రాఫిక్స్‌కీ, మిగతా పరికరాలకీ కేటాయిస్తుంది. ఆ చోట ఉండాల్సిన ర్యామ్ ముక్కని చాలా బోర్డులు 4 జీబీ గీతకి పైనున్న అడ్రస్‌లకి జరుపుతాయి. ఇప్పుడు మాగ్జిమమ్ మెమరీలో 4096 పెడితే, "మొత్తం 4 జీబీ వాడుకో" అని విండోస్‌కి అర్థం కాదు. "ఈ అడ్రస్ పైన ఉన్నదాన్ని పట్టించుకోకు" అని అర్థం. పైకి జరిగిన ముక్క అక్కడికక్కడే తెగిపోతుంది. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 4 జీబీ అని చూపిస్తూనే, పక్కన వాడుకోదగ్గది 3 జీబీ చిల్లర అని కనిపిస్తుంది. రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అనే బూడిదరంగు ముక్క అనుమానం వచ్చేంత పెద్దగా ఉంటుంది. మీ సిస్టమ్‌లో ఇలా ఉంటే ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేసి చూడండి. 32 బిట్ విండోస్ అయితే ఆ కోత ఎలాగూ ఉంటుంది, దానికి టిక్కుతో సంబంధం లేదు.

"పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టండి, ప్రాసెసర్ ఫుల్ స్పీడుతో నడుస్తుంది."

బ్యాలెన్స్‌డ్‌లోనూ ఫుల్ స్పీడుతోనే నడుస్తుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ రెండింటిలోనూ 100 శాతమే. తేడా మినిమమ్ దగ్గర: మామూలుగా బ్యాలెన్స్‌డ్‌లో 5 శాతం, హై పెర్ఫార్మెన్స్‌లో 100. అంటే ఈ మార్పుతో పైకప్పు ఎత్తు పెరగదు, పని లేనప్పుడు ప్రాసెసర్ కిందికి దిగడం మానేస్తుంది, అంతే. కోర్ 2 డ్యుయో ఈ7500 ఉందనుకోండి, దాని వేగం 2.93 గిగాహెర్ట్జ్. ఖాళీగా ఉన్నప్పుడు 1.6కి దిగుతుంది, ఎక్సెల్ తెరవగానే మిల్లీసెకన్లలో మళ్లీ 2.93కి వస్తుంది. ఆ తేడా మనిషి కంటికి దొరికేది కాదు. మే నెలలో రేకుల షెడ్డు కింద కూర్చుని రోజంతా ప్రాసెసర్‌ని 100లో ఉంచితే, పెరిగేది వేడీ ఫ్యాన్ మోతా.

"దాచిపెట్టిన అల్టిమేట్ ప్లాన్" అంటూ కమాండ్ ప్రాంప్ట్‌లో పెద్ద కోడ్ ఒకటి కొట్టమంటున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2018లో విండోస్ 10 1803తో, వర్క్‌స్టేషన్ల ఎడిషన్ కోసం ఇచ్చింది. 2009 నాటి మెషీన్‌కి అది కొత్త ప్రాణం పోయదు.

పవర్ సెట్టింగ్స్ వల్ల పాత సిస్టమ్ నిజంగా ఇబ్బంది పెట్టే సందర్భాలు లేకపోలేదు. వాటి గురించి ఫార్వర్డ్‌లో ఒక్క ముక్క లేదు! ప్లాన్ పవర్ సేవర్‌లో ఉండిపోయిందేమో, ఎండాకాలం వేడి తగ్గుతుందని ఎవరైనా మాగ్జిమమ్ స్టేట్‌ని 60కో 70కో దించారేమో ముందు చూడండి. అలా ఉంటే మాత్రం దాన్ని 100కి తెచ్చిన మరుక్షణం తేడా తెలుస్తుంది. టీ తాగి వచ్చి ఫైలు తెరిస్తే సిస్టమ్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతోందా? 20 నిమిషాల తర్వాత హార్డ్ డిస్క్ ఆపేయమన్న సెట్టింగు అది. మౌసో, నెట్ డాంగిలో మధ్యమధ్యలో చచ్చిపోతుంటే పని లేని యూఎస్‌బీ పరికరాల్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని డిజేబుల్ చేసి చూడండి.

ఇక స్లీప్. "స్లీప్ పెట్టినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బోర్డు పోయింది" అని చాలామంది అనుకునే చోట బోర్డుకి ఏమీ కాదు. పాత బయోస్‌లలో పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఏసీపీఐ సస్పెండ్ టైప్ అని ఒకటి ఉంటుంది. అది ఎస్1లో ఉంటే స్క్రీన్ ఆగుతుంది గానీ ఫ్యాన్లు తిరుగుతూనే ఉండొచ్చు. ఎస్3కి మారిస్తే ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంటు వెళ్లదు. మీ మెషీన్ ఏ స్లీప్‌కి ఒప్పుకుంటుందో కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, ఏ (powercfg /a) అని కొడితే అదే చెప్తుంది. అర్ధరాత్రి తనంతట తానే ఆన్ అయ్యే సిస్టమ్‌కైతే ఏ బదులు లాస్ట్‌వేక్ (lastwake) అని కొట్టండి, ఎవరు లేపారో తెలుస్తుంది. చాలాసార్లు దొంగ ల్యాన్ కార్డే. డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కంప్యూటర్‌ని లేపే అనుమతి తీసేస్తే సరి.

"హైబర్నేట్ తీసేస్తే సిస్టమ్ తేలికవుతుంది."

హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద ఒక ఫైల్లో దాచి సిస్టమ్ ఆపేయడం. అది తీసేస్తే డిస్క్‌లో చోటు మిగులుతుంది, అది నిజం. విండోస్ 7లో ఆ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 75 శాతం ఉంటుంది. సీ డ్రైవ్ నిండిపోయినవాళ్లకి అంత చోటు దక్కినా మేలే. నడిచేటప్పుడు స్పీడుకీ దానికీ లింకు లేదు. పైగా విండోస్ 8, 10లలో త్వరగా ఆన్ అయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ ఆ ఫైలు మీదే ఆధారపడుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో అది తీసేస్తే పొద్దున్నే ఆన్ అవడం ఇంకా ఆలస్యమవుతుంది. స్పీడు కోసం చేసిన పని ఎదురు తన్నడమంటే ఇదే.

"పాత ఎస్‌ఎంపీఎస్ తీసి 500 వాట్లది వేయండి, పవర్ పెరిగితే స్పీడు పెరుగుతుంది."

ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఏదీ తోయదు, బోర్డు అడిగినంతే ఇస్తుంది. ఈ7500 ప్రాసెసర్ వేడి లెక్క (టీడీపీ) 65 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని ఇలాంటి మొత్తం సిస్టమ్ 100 వాట్లు దాటడం అరుదు. 500 వాట్లది వేసినా సిస్టమ్ అడిగేది ఆ వందే. అందుకే "బిల్లు పెరుగుతుంది" అని కింద కామెంట్లలో భయపెట్టేవాళ్ల మాట కూడా తప్పే.

అయినా ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాల్సిన రోజులు వస్తాయి. అప్పుడు చూడాల్సింది డబ్బా మీది పెద్ద అంకె కాదు, పక్కనున్న పట్టిక. నేను చూసిన ఒక చవక ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని బొద్దుగా ఉంది. పట్టికలో 12 వోల్టుల గడిలో ఉన్నది 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్ తినేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆధారపడేదీ దాని మీదే. కాబట్టి కొనేటప్పుడు లెక్క ఆ గడిలో చూసుకోండి.

పిన్నీసు పరీక్ష చేయమని కూడా ఫార్వర్డ్‌లో ఉంది: ఎస్‌ఎంపీఎస్ పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగని పిన్నీసుతో నల్ల తీగకి కలిపినప్పుడు ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ మంచిదట. అది స్టార్ట్ అవుతుందని మాత్రమే దాంతో తెలుస్తుంది. లోడ్ పడితే నిలబడుతుందో లేదో తెలియదు. సిస్టమ్ నడుస్తుండగా, ఏదో బరువైన పని పెట్టి, ఖాళీగా వేలాడే నాలుగు తీగల కనెక్టర్‌లో మల్టీమీటర్‌తో చూడాలి. పసుపు, నలుపు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25 ఉండాలి. పని పెట్టగానే పసుపు 11.4 కిందికి జారితే మార్చేయండి. దాన్ని విప్పి బాగుచేద్దామని మాత్రం చూడకండి. 230 వోల్టుల సప్లై లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులై కూర్చుంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉంటుంది.

కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోందని ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్లు ఒకసారి ఇన్వర్టర్ చూడండి. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది. కరెంటు తెగాక మంచి ఎస్‌ఎంపీఎస్ ఫుల్ లోడ్‌లో సుమారు 16, 17 మిల్లీసెకన్లు ఓపిక పడుతుంది. నార్మల్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారడానికి అంతకంటే ఎక్కువ తీసుకోవచ్చు. స్విచ్ యూపీఎస్ వైపు నొక్కితే చాలాసార్లు ఆ జబ్బు పోతుంది. లో వోల్టేజీ ఉండే ఊళ్లలో మాత్రం అది మాటిమాటికీ బ్యాటరీ మీదికి వెళ్తుంది, ఆ ఇబ్బంది భరించాలి.

"ర్యామ్‌ని రబ్బరుతో రుద్దండి."

డిస్‌ప్లే రాకుండా బీప్‌లు కొడుతుంటే పనికొచ్చే చిట్కానే. అయితే సగం ఫలితం ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా గుచ్చడంలోనే ఉంది. గరుకు రబ్బరు బంగారు పూతని గీకేస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డ మేలు. స్పీడు కోసమైతే రుద్దినా దండగే.

"బోర్డు మీది బ్యాటరీ మారిస్తే సిస్టమ్ కొత్తదానిలా పరుగెడుతుంది."

సీఆర్ 2032 అనే ఆ బిళ్ల చేసే పని గడియారాన్నీ, బయోస్ సెట్టింగుల్నీ కాపాడటం. అది అయిపోతే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, ఎఫ్1 నొక్కమంటుంది, బ్యాంకు వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తాయి. మార్చాల్సిందే, కానీ దాంతో వేగం పెరగదు.

ఇక్కడ తెలియాల్సిన ఉచ్చు ఇంకొకటుంది. బ్యాటరీ చచ్చినా, తీసి పెట్టినా బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోతుంది. సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారితే, విండోస్ లోగో రాగానే నీలం తెర, దాని చివర 7బీ అనే కోడ్. చాలామంది అక్కడే విండోస్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. బయోస్‌లోకి వెళ్లి ఆ ఒక్క మోడ్ వెనక్కి మారిస్తే అంతా ఎప్పట్లాగే వస్తుంది. బ్యాటరీ తీసేముందు బయోస్ పేజీలన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

"అప్పటికీ స్లో అయితే మదర్‌బోర్డు పోయినట్టే."

మదర్‌బోర్డు పోతే సిస్టమ్ స్లో అవదు. ఆన్ అవదు, లేదా మధ్యలో ఆగిపోతుంది, లేదా నీలం తెరలు వేస్తుంది. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే అప్పుడు బోర్డుని అనుమానించండి. కాసేపు బాగా నడిచి తర్వాత నెమ్మదించే సిస్టమ్‌కైతే ముందు హీట్‌సింక్ దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి.

ఎప్పుడూ స్లోగా ఉండే సిస్టమ్‌లో మాత్రం ముందు చూడాల్సింది హార్డ్ డిస్క్. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 15 శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, డిస్క్ మాత్రం 100 దగ్గర అల్లాడుతుంటుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలైతే సెకనుకి 80 దాకా చదవగలదు, అంతే. తిరిగే భాగాలే లేని డిస్క్, అంటే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ, వేలల్లో చదువుతుంది. "మా బోర్డు సాటా 2, ఎస్‌ఎస్‌డీ దండగ" అనేవాళ్లున్నారు. సాటా 2 దారి సెకనుకి దాదాపు 300 ఎంబీ ఇస్తుంది, అది సరిపోతుంది. లాభం వచ్చేది చిన్న ముక్కలు వెతికే వేగంలో.

పాతది తీసి ఎస్‌ఎస్‌డీ వేసేముందు క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టార్ల (డిస్క్ సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ముందు ఫొటోలు, టాలీ డేటా, పిల్లల సర్టిఫికెట్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసేయండి. చెక్‌డిస్క్‌తో తప్పులు సరిచేయడమైనా, క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ చేయడం) అయినా ఆ తర్వాతే.