గడ్డి తినేవారి తరఫున ఒక వినతి

"అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అని లెక్కల మాస్టారు అడిగినప్పుడల్లా నేను నిజాయితీగా "అన్నమేనండీ" అనేవాణ్ణి. రెండో దెబ్బ ఆ జవాబుకే పడేది. నలభై ఏళ్లు ఆలస్యమైనా, ఆ ప్రశ్నలో శాస్త్రీయమైన లోపం ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అన్నంలోని పిండిపదార్థమూ గ్లూకోజు గొలుసే, వరిగడ్డిలోని సెల్యులోజూ గ్లూకోజు గొలుసే. తేడా అంతా అతుకులో ఉంది. గడ్డిలో ఒక గ్లూకోజు నిటారుగా నిలబడితే పక్కది తలకిందులుగా అతుక్కుంటుంది, తోటికోడళ్ల లాగా. ఆ మెలిక విప్పే ఎంజైము మనకు లేదు. సుమారు 300 కోట్ల డీఎన్ఏ అక్షరాల మన జన్యుపటమంతా గాలించినా దానికి జన్యువు దొరకదు. కాబట్టి ఒక మనిషిని పట్టుకుని గడ్డి తింటున్నాడనడం తిట్టు కాదు, అర్హత లేని ప్రమోషన్.

పోనీ గేదె? అదీ బినామీ వ్యవహారమే. నమిలేది గేదె, అరిగించేది దాని పొట్టలోని సూక్ష్మజీవులు. పాలడబ్బులు మూడోవాడికి.

సొంత పేరు మీద గడ్డి తినేవాళ్లు మట్టిలో ఉన్నారు. వానలు వెనకబట్టాక గడ్డివాము అడుగున చెయ్యి పెట్టి చూడండి. పైన పసుపుపచ్చగా గరగరలాడిన గడ్డే అక్కడ నల్లబడి, మెత్తబడి, వేళ్లకు అంటుకుంటుంది. అలాంటి పని చేసే బాక్టీరియా ఒకదాన్ని 1919లో ఇంగ్లండులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రమైన రాథమ్‌స్టెడ్‌లో హచిన్సన్, క్లేటన్ అనే ఇద్దరు లోకానికి చూపించారు. దాని ఇప్పటి పేరు సైటోఫాగా హచిన్సోనీ. (క్లేటన్ గారికి జరిగిన అన్యాయం మీద వేరే వ్యాసం రాస్తాను.) దాని ముందు ఫిల్టర్ పేపరు ముక్క (అదీ సెల్యులోజే) పెడితే పోగుల వెంబడి జారుకుంటూ తినేస్తుంది. కాగితం తిని తాను కదిలే జీవి ఇది. నేను తిరిగిన ఆఫీసుల్లో తినిపించాక కూడా కాగితం కదల్లేదు.

2007లో దీని జన్యుపటం అచ్చయింది. 44 లక్షల అక్షరాలు. సెల్యులోజు పోగును మధ్యలో తెంపే ఎంజైములకు జన్యువులు కనిపించాయి. కానీ పోగును చివర పట్టుకుని వరసగా కొరుక్కుపోయే రకం, అంటే మిగతా గడ్డితిండి జీవుల్లో చాలావాటికి అసలు ఆయుధం, పోల్చుకోదగ్గ రూపంలో ఒక్కటీ దొరకలేదు. రికార్డులన్నీ చేతికొచ్చాయి. తిన్నది కళ్లెదుటే ఉంది. ఎలా తిన్నదో మాత్రం రికార్డులో లేదు.

మన దగ్గరైతే దీన్ని క్లీన్ చిట్ అంటారు. ఆ శాస్త్రవేత్తలకు ఈ సంప్రదాయం తెలియక, దాని ముందు మళ్లీ కొత్త ఫిల్టర్ పేపరు పెట్టి కూర్చున్నారు.