షిర్డీ నుంచి వస్తూ ముంబయిలో ఆగేవాళ్లకు ఒక మాట

మనవాళ్ల ముంబయి ట్రిప్ దాదాపు ఒకేలా ఉంటుంది. షిర్డీ దర్శనం అయ్యాక ఒక రోజు మిగులుతుంది. గేట్‌వే ముందు ఫోటోలు, తాజ్ హోటల్ ముందు ఇంకో నాలుగు, మెరైన్ డ్రైవ్, రాత్రికి రైలు. నేనూ రెండుసార్లు అలాగే తిరిగొచ్చాను. గేట్‌వే నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే బొమ్మల గ్యాలరీలుండే కాలా ఘోడా అనే చోటు వస్తుందని మూడోసారి వెళ్లేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నాను, ఆ ఒక్క రోజులో సగం అక్కడ గడపండి.

ముందు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 1952లో తెరిచారు. చిత్రకారుడు కె.కె. హెబ్బార్, శాస్త్రవేత్త హోమీ భాభా పట్టుబట్టి అడిగితే కావస్‌జీ జహంగీర్ కుటుంబం డబ్బిచ్చి కట్టించింది. టికెట్ లేదు. అయినా మనం మెట్ల దగ్గరే ఆగిపోతాం. బొమ్మల గురించి మనకేం తెలుసు, లోపల ఎవరైనా ఏమైనా అంటారేమో అని టెన్షన్. ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ హాలు దొరకడానికి కళాకారులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. దొరికాక ప్రదర్శన సాధారణంగా ఒక వారమే. ఆ వారమంతా చాలామంది తమ బొమ్మల పక్కనే కూర్చుని ఉంటారు. వాళ్లకు కావలసింది చూసేవాళ్లు. నేను ఒకాయన్ని తడి మట్టి రంగు ఎలా తెచ్చారని అడిగాను. ముందు దాదాపు నలుపు పూసి, ఆరాక కత్తితో గీరుతూ పోయానని చెప్పి, దగ్గరికి పిలిచి ఆ గీతలు చూపించాడు. అరగంట ఆ ఒక్క బొమ్మ దగ్గరే నిలబడ్డాను. పిల్లలకు ఇవి అర్థం కావంటారే, అది నేను ఒప్పుకోను. ఆ గీతలు చూపిస్తే పదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

బయట ఫుట్‌పాత్ మీద కూడా చిత్రకారులు బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. ఎదురుగా కూర్చుంటే మీ ముఖం గీసి ఇచ్చేవాళ్లూ ఉంటారు. దయచేసి వాళ్ల దగ్గర కూరగాయల బేరం ఆడకండి. కొనలేకపోతే చూసి, బాగుందని చెప్పి రండి.

జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ఇక్కడ తొమ్మిది రోజుల కళల పండుగ జరుగుతుంది, 1999 నుంచి. అంతా ఉచితమే, సందడి బాగుంటుంది. కానీ బొమ్మ ముందు నిలబడే చోటు ఉండదు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. నా మాట వింటే మామూలు రోజున వెళ్లండి.

కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. ఒకప్పుడు బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ ఎక్కి కూర్చున్న గుర్రం విగ్రహం ఇక్కడుండేది. 1965లో దాన్ని బైకుల్లా జూకి తరలించారు, పేరు మాత్రం ఈ వీధిని వదల్లేదు. 2017లో మళ్లీ నల్ల గుర్రాన్ని నిలబెట్టారు. ఈసారి దాని మీద రౌతు లేడు. నాకు ఆ ఖాళీ వీపు చాలా నచ్చింది.

అక్కడికి దగ్గర్లోనే ఎస్ప్లనేడ్ మాన్షన్ ఉంది. పాత పేరు వాట్సన్ హోటల్. 1896 జులై 7న, సినిమాకు ఆద్యులైన ఫ్రాన్స్ వాళ్లు లూమియేర్ సోదరుల సినిమాలు మన దేశంలో మొదటిసారి ఆడింది అందులోనే. సినిమా అంటే ప్రాణం పెట్టే మనం దాని ముందు నుంచే వెళ్తూ తలెత్తి చూడం. నేను చూసినప్పుడు ఆ ఇనుప కట్టడం శిథిలమై ఉంది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంకా ఓపిక ఉంటే రోడ్డు దాటి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి వెళ్లండి. 1911 నాటి సభామందిరాన్ని 1996లో గ్యాలరీగా మార్చారు. అర్ధచంద్రాకారపు అంతస్తులు ఒకదాని మీద ఒకటి, మెట్లెక్కుతూ పోతే చివరికి గుమ్మటం కిందికి చేరతాం. అక్కడ కాసేపు కూర్చోండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు దానికి సెలవు.