సగటు లెక్కతో నెట్‌వర్క్ నడవదు

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌ గ్రిడ్‌ను ప్రారంభించినప్పుడు అందరి నోటా నానిన అంకె 149. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇంటికి వస్తాయన్నారు. ఆ ధర చవకా కాదా అన్న చర్చ చాలానే జరిగింది. అది ఎన్ని ఖర్చులను మోయాలో లెక్కవేసి చూసినవారు తక్కువ.

ఇంట్లో పెట్టే బాక్సు నాలుగు వేలు అనుకుందాం. వచ్చే 149 మొత్తం దానికే జమ చేసినా ఆ బాకీ తీరడానికి 27 నెలలు పడుతుంది. అందులోంచే కేబుల్ ఆపరేటర్ వాటా, చానళ్ల రుసుము, బ్యాండ్‌విడ్త్, కరెంటు, తెగిన తీగ అతికే మనిషి జీతం రావాలి. పైగా 2019 ఫిబ్రవరిలో టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ విధానం అమలులోకి వచ్చి ప్రతి పే చానల్‌కూ విడిగా ధర ఉండాలంది. పథకం మొదలై ఏడాది తిరిగిందో లేదో టీవీ తాలూకు లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

ఇలాంటి మార్పులను ముందే పరీక్షించి చూడడానికే నెట్‌వర్క్ వ్యయ నమూనాల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కేంబ్రిడ్జ్‌కు చెందిన ఇంప్లైడ్ లాజిక్ సంస్థ తయారుచేసే స్టెమ్ అందులో ఒకటి. వీటి కిటుకు సులువైనదే. చందాదారులు ఎందరు, ఏ సేవ ఎంత వాడతారు అన్నది ఒకవైపు పెడతాం. ఆ వాడకానికి ఎన్ని పరికరాలు కావాలి, ఒక్కోటి ఎన్నేళ్లు మన్నుతుంది, ఎప్పుడు మార్చాలి అన్నది రెండోవైపు సాఫ్ట్‌వేరే పేర్చుకుంటూ పోతుంది. ఎక్సెల్‌లో చేయలేమా అంటే చేయవచ్చు. మన దగ్గర చాలామంది చేసేదీ అదే. చిక్కల్లా ఎక్సెల్ మనల్ని తేలిగ్గా సగటులోకి జారవిడుస్తుంది.

ఒక ఉదాహరణ. ఫైబర్ నెట్‌వర్క్‌లో ఒక పోర్టు (పరికరంలో తీగ మొదలయ్యే చోటు) నుంచి స్ప్లిట్టర్ల (ఒక తీగను పలు తీగలుగా చీల్చే భాగాల) ద్వారా 64 ఇళ్లకు కనెక్షన్ ఇవ్వవచ్చనుకుందాం. నూరు గ్రామాల్లో ఊరికి ఇరవై చొప్పున రెండు వేల కనెక్షన్లు. రెండు వేలను 64తో భాగించి 32 పోర్టులు చాలునని రాసేస్తే కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ ఊళ్లు ఒకదానికొకటి దూరంగా ఉంటే ఈ ఊరి పోర్టులో మిగిలిన ఖాళీ పక్క ఊరికి పనికిరాదు. కావలసినవి నూరు పోర్టులు. అంటే మూడు రెట్లకు పైగా. పల్లెల నెట్‌వర్క్‌లో డబ్బు తినేది ఈ ఖాళీయే. పరికరం ఎన్ని చోట్ల చెదిరి ఉంటుందన్న ప్రశ్నను మంచి నమూనా తప్పనిసరిగా అడుగుతుంది. తొందరలో ఉన్న అధికారి అడగడు.

ఇక తీగ సంగతి. ఏపీలో మొదటి దశలో సుమారు 23 వేల కిలోమీటర్ల ఫైబర్‌ను భూమిలో పాతకుండా విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. అయిన ఖర్చు 333 కోట్లు. తవ్వి వేసి ఉంటే వేల కోట్లు. తెలివైన నిర్ణయమే, నేను కాదనను. కాకపోతే అది పెట్టుబడిని తగ్గించి నిర్వహణను పెంచే నిర్ణయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. స్తంభం పడితే దాని మీది తీగ నిలబడదు కదా. కోస్తాలో తుపాను అనుకోని ప్రమాదం కింద రాసే పద్దు కాదు, దానికి ఏటా కొంత తీసి పెట్టాలి. భూమిలో వేసిన తీగకు జేసీబీ గండం ఎలాగూ ఉంది.

తెలంగాణ దారి వేరు. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఆ రాష్ట్ర ఫైబర్ పథకం టీ ఫైబర్‌కు డక్టులు, అంటే తీగ దూర్చే గొట్టాలు, వేశారు. ఇక్కడ తగువు వేరే రకం. కందకం ఖర్చులో ఫైబర్ వాటా ఎంత? సున్నా అని రాస్తే ఫైబర్ దాదాపు ఉచితం, సగం అని రాస్తే ఖరీదైన పథకం. నేలలోని గొయ్యి ఒక్కటే.

ఉమ్మడి ఖర్చు పంపకం ఎంత దూరం తీసుకెళ్తుందో మొబైల్ కాల్ చార్జీల్లో చూశాం. ఒక కంపెనీ కాల్‌ను ఇంకో కంపెనీ అందుకున్నందుకు చెల్లించే టర్మినేషన్ చార్జీ 2009లో నిమిషానికి 20 పైసలు. 2015లో 14, 2017 అక్టోబరులో 6, 2021 జనవరి నుంచి సున్నా. 2017లో 6 పైసలని తేల్చడం వెనుక ఉన్నది ఒక లెక్క పద్ధతి. అవతలి కంపెనీ కాల్స్ మోయడం వల్ల అదనంగా పడే ఖర్చునే ట్రాయ్ పరిగణించింది, టవర్లు, స్పెక్ట్రమ్ వంటి ఉమ్మడి ఖర్చులను పక్కనపెట్టింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ మండిపడ్డాయి. కొత్తగా వచ్చిన జియోకు కలిసివచ్చింది. ఎవరి పక్షం న్యాయమైనా, ట్రాయ్ తన లెక్కను ఆదేశంతో పాటే వివరించింది గనుక వాదించుకోవడానికి ఒక ఆధారం దొరికింది. ప్రజాధనంతో వేసే ఫైబర్‌కూ ఈ మర్యాద దక్కాలి. పథకం సవివర నివేదికలో (డీపీఆర్) చివరి మొత్తం ఒక్కటే అచ్చువేస్తే చాలదు. అంకెలు మార్చి చూసుకోవడానికి వీలుగా నమూనా ఫైలునే బయటపెట్టాలి.

పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ చరిత్ర చూస్తే ఇదేమీ అతిగా అనిపించదు. 2011లో 20 వేల కోట్లతో మొదలైంది. 2017లో 42,068 కోట్లయింది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన పథకం 1,39,579 కోట్లు. పెరుగుదల అంతా తప్పుడు లెక్కే అనడం అన్యాయం, పథకం స్వరూపమే మారింది. ఈసారి పదేళ్ల నిర్వహణ ఖర్చును కలిపారు. అది ఆలస్యంగా వచ్చిన మంచి బుద్ధి.

అయిదేళ్లలో కోటిన్నర గ్రామీణ ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇస్తామన్నది లక్ష్యం. దేశంలోని సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు పంచితే ఒక్కోదానికి అరవై. అంటే దాదాపు ఒక పోర్టు నిండే అంకె. మన ఉదాహరణలోని ఉచ్చు మళ్లీ ఇక్కడే పొంచి ఉంది. తెనాలి పక్కనున్న పంచాయతీలో మూడు వందలు అడుగుతారు, పాడేరు కొండల్లో పన్నెండు. రెండుచోట్లా అరవయ్యే రాస్తే ఒకచోట జనం కనెక్షన్ కోసం ఎదురుచూస్తుంటారు, ఇంకోచోట పరికరం ఖాళీగా వెలుగుతూ ఉంటుంది.